ఫ్యూజు ఎందుకు పోయింది?

*యాభై ఏళ్ల నాటి స్టీరియో రిసీవర్లు అమెరికాలో బేస్‌మెంట్ల నుంచి, గ్యారేజీల నుంచి మళ్లీ హాల్లోకి వస్తున్నాయి. వాటిలో కొన్ని వచ్చీరాగానే పొగ కక్కుతున్నాయి. కాలిన సెట్టుకు ప్రాణం పోయాలంటే ముందు అది కాలడానికి కారణం పట్టుకోవాలి.*

స్విచ్ నొక్కగానే డయల్ వెనక నీలి వెలుగు పాకుతుంది. ట్యూనింగ్ మీటర్ ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి సర్దుకుంటుంది. మూడు నాలుగు సెకన్ల తర్వాత లోపల ఎక్కడో ‘టక్’మని రిలే పడుతుంది. అది పడ్డాకే స్పీకర్లకు దారి తెరుచుకుంటుంది. 1970ల నాటి రిసీవర్ ఉన్న ఇంట్లో పిల్లలకు కూడా ఆ టక్కు తెలుసు.

ఒక సాయంత్రం ఆ టక్కు వినిపించదు. గాలివాన అప్పుడే వెలిసింది. కరెంటు పోయి వచ్చింది. వంటింట్లో ఒక లైటు మసకబారితే హాల్లో లైటు కళ్లు చెదిరేలా వెలిగింది. అంతలో రిసీవర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది, పైకప్పు చిల్లుల్లోంచి సన్నగా పొగ లేచింది, డయల్ ఆరిపోయింది. గదంతా మాడిన వార్నిష్ వాసన.

ఇక్కడ సాధారణంగా జరిగేది ఒకటే. ఇంటాయన నాలుగు స్క్రూలు విప్పి, నల్లబడిన ఫ్యూజు తీసి కొత్తది వేస్తాడు. అదీ భగ్గున పోతుంది. రెండోసారి కాస్త పెద్ద ఫ్యూజు వేస్తాడు. మొండివాళ్లయితే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుడతారు. మొదటి నిమిషంలో రెండు ట్రాన్సిస్టర్లతో పోవాల్సిన నష్టం, ఈ నిమిషంలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దాకా పాకుతుంది. ఫ్యూజు తనంతట తాను చెడిపోవడం అరుదు. లోపల ఏదో జరిగిందని అది చెబుతుంది. ఏం జరిగిందో చూడకుండా దాన్ని మార్చడం రిపేరు కాదు.

ఎందుకు మళ్లీ వచ్చాయి?

ఈ పాత సెట్లను అటకల మీంచి దించుతున్నది ఎల్పీ రికార్డులే. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం లెక్కల ప్రకారం 2022లో ఆ దేశంలో దాదాపు 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడయ్యాయి. సీడీలు 3 కోట్ల 30 లక్షలే. సంఖ్యలో వినైల్ సీడీని దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. రికార్డు ప్లేయర్ కొన్న కుర్రాడికి దాన్ని తగిలించడానికి ఫోనో ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ కావాలి. తాతగారి గ్యారేజీలో గుడ్డ కప్పిన రిసీవర్ గుర్తొస్తుంది.

రిసీవర్ అంటే రేడియో ట్యూనరూ, ప్రీ యాంప్లిఫయరూ, పవర్ యాంప్లిఫయరూ ఒకే పెట్టెలో. అమెరికాలో ఎఫ్ఎం స్టీరియో ప్రసారాలు 1961 జూన్ 1న మొదలయ్యాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ వారి స్టేషను, షికాగోలో జెనిత్ వారి స్టేషను ముందు నిలిచాయి. మొదట్లో వ్యాక్యూమ్ ట్యూబులతో చేసిన సెట్లు ఉండేవి. అవెరీ ఫిషర్ కంపెనీ తయారుచేసిన 500-సి వాటిలో పేరున్నది. ఆ ఫిషరే 1973లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ హాలుకు కోటీ 5 లక్షల డాలర్లు ఇచ్చాడు. తర్వాత నాలుగు దశాబ్దాలు ఆ హాలు ఆయన పేరుతోనే నడిచింది. 1960ల చివరికి ట్రాన్సిస్టర్ ట్యూబును పక్కకు నెట్టింది.

అసలు జాతర 1970లలో. సాల్ మరాంజ్ న్యూయార్క్‌లో పెట్టిన కంపెనీ 1964లో సూపర్‌స్కోప్ చేతికి వెళ్లాక, జపాన్‌లో తయారీతో 2200 వరస రిసీవర్లు తెచ్చింది. వాటి నంబర్లోనే శక్తి కనిపించేది: 2230 అంటే చానెల్‌కు 30 వాట్లు, 2270 అంటే 70. పయొనీర్, సాన్‌సుయి, కెన్‌వుడ్, టెక్నిక్స్ పోటీకి దిగాయి. 1976లో పయొనీర్ ఎస్‌ఎక్స్-1250 చానెల్‌కు 160 వాట్లిస్తే, 1978లో ఎస్‌ఎక్స్-1980 ఏకంగా 270 వాట్లు ఇచ్చింది. ఆ పెట్టె బరువు సుమారు 35 కిలోలు. జపాన్, వియత్నాంలలో పనిచేసిన అమెరికా సైనికులు సైనిక దుకాణాల్లో చవగ్గా కొని ఓడలో ఇంటికి పంపించినవీ వీటిలో చాలానే ఉన్నాయి. ఇప్పుడు రిపేరుకొచ్చే సెట్టు వెనక తరచూ ఒక యూనిఫాం ఫొటో ఉంటుంది.

> వాట్లకు చట్టం
> 1970ల మొదట్లో కొన్ని కంపెనీలు తోచినన్ని వాట్లు ప్రకటించుకునేవి. 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానికి కళ్లెం వేసింది. ఎంత లోడు మీద, ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత వక్రీకరణతో అంత శక్తి వస్తుందో చెప్పి తీరాలంది. కొలతకు ముందు యాంప్లిఫయర్‌ను మూడో వంతు శక్తితో ఒక గంట నడపాలని కూడా పెట్టింది. ఆ శక్తి దగ్గరే ట్రాన్సిస్టర్లు బాగా వేడెక్కుతాయి. కంపెనీలు పెద్ద హీట్‌సింకులు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టక తప్పలేదు. ఆనాటి సెట్లు ఇంకా బతికి ఉండటానికి ఆ పోలీసు కాపలా కూడా ఒక కారణం.

కరెంటు చేసే హాని

పాత రిసీవర్‌కు చావు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి లోపలి వయసు. రెండోది గోడ సాకెట్.

సాకెట్ సంగతి ముందు. అమెరికా ఇంట్లోకి వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు తీగలు వస్తాయి: రెండు ఫేజు తీగలు, మధ్యన న్యూట్రల్. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 120 ఓల్టులు, రెండు ఫేజుల మధ్య 240. ఏసీ, కరెంటు పొయ్యి లాంటి పెద్ద వస్తువులు 240 మీద, మిగతావి చాలావరకు 120 మీద నడుస్తాయి. గాలికి కొమ్మ రాసుకునో, ఇంటి పైకప్పు దగ్గర జాయింటు తుప్పుపట్టో ఆ న్యూట్రల్ తెగితే, ఇంట్లో ఒక ఫేజు మీది వస్తువులు, రెండో ఫేజు మీది వస్తువులు కలిసి 240 ఓల్టుల మధ్య ఒకే వరసలో పడతాయి. ఒక వైపు 1,200 వాట్ల హీటరు, మరో వైపు రిసీవరూ రెండు దీపాలూ కలిపి 120 వాట్లు ఉన్నాయనుకుంటే, హీటరుకు మిగిలేది 22 ఓల్టులే. మిగిలిన 218 రిసీవర్ మీద పడతాయి. వంటింట్లో లైటు మసకబారడం, హాల్లో లైటు కళ్లు చెదిరేలా వెలగడం దీని గుర్తే. అలా కనిపించగానే మెయిన్ దించి కరెంటు కంపెనీకి ఫోన్ చేయాలి. న్యూట్రల్ పోయి వీధిలో టీవీలన్నీ కాలిపోయాయన్న వార్త చదవని తెలుగువాడు ఉండడు. అమెరికాలోనూ జరిగేది అదే, లెక్క మాత్రం వేరు.

సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది ధీమా. అది మెరుపు వల్ల లిప్తపాటు వచ్చే పోటును మింగగలదు. నిమిషాల తరబడి ఉండే 218 ఓల్టులను మింగలేదు. పైగా ప్రతి పోటుకూ దానిలోని భాగం కొంత అరిగిపోతూ ఉంటుంది. పదేళ్ల నాటి ప్రొటెక్టర్ మీద దీపం వెలుగుతోందని నమ్మడం అమాయకత్వం.

ఇక లోపలి వయసు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల తడి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ అది ఆరిపోతుంది. ఇరవై ఏళ్లు కరెంటు చూడని కెపాసిటర్‌లో లోపలి ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది. ఒక్కసారిగా పూర్తి ఓల్టేజీ ఇస్తే లీకేజీ పెరిగి వేడెక్కి ఉబ్బుతుంది. భాగాలు కదలకుండా ఆ రోజుల్లో కొన్ని కంపెనీలు పూసిన జిగురు కాలక్రమంలో గోధుమరంగుకు తిరిగి, కింది తీగలనే తినేస్తుంది. అన్నిటికన్నా దొంగ భాగం, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పాట లేనప్పుడూ పారే బయాస్ కరెంటును సరిచేసే ట్రిమ్మర్. బఠాణీ గింజంత ఉండే ఆ భాగం లోపల తుప్పుపడితే కొన్ని డిజైన్లలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ పూర్తిగా తెరుచుకుని ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. బయట ఏ మెరుపూ లేకుండా, ఏ తప్పూ చేయకుండా చచ్చే సెట్లు ఇవి.

ఈ రెండూ కాక యజమాని చేసే పొరపాటు కూడా ఒకటుంది. స్పీకర్ తీగ చివర ఒక్క పోగు విడిపోయి పక్క టెర్మినల్‌ను తాకితే చాలు, అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది.

బల్ల మీద

అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందు ముక్కుతో మొదలుపెడతాడు. కారిన కెపాసిటర్‌ది చేపల వాసన. మాడిన రెసిస్టర్‌ది ఘాటు. తర్వాత కన్ను: ఉబ్బిన మూత, నల్లబడిన బోర్డు, పగిలిన సోల్డరింగ్. అప్పటిదాకా ప్లగ్ గోడకు దూరంగానే ఉంటుంది. ప్లగ్ తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జి దాగి ఉంటుంది. 40 ఓల్టుల మీద 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో నిలవుండేది 8 జౌళ్ల శక్తి. స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే మొన కరిగే మెరుపు వస్తుంది. రెసిస్టర్ ద్వారా నెమ్మదిగా ఖాళీ చేయాలి, మీటరుతో సున్నా చూడాలి, అప్పుడు చెయ్యి పెట్టాలి.

మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను పరీక్షిస్తారు. మంచి సిలికాన్ జంక్షన్ ఒక దిశలో 0.5 నుంచి 0.7 ఓల్టు చూపిస్తుంది, రెండో దిశలో ఏమీ చూపించదు. రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా వస్తే అది షార్ట్ అయినట్టే. 70 వాట్లిచ్చే సెట్టు 8 ఓమ్‌ల స్పీకర్ మీద 33 ఓల్టుల శిఖరాన్ని అందుకోవాలి. కాబట్టి లోపల ప్లస్ వైపు, మైనస్ వైపు ఒక్కోటి 40 ఓల్టుల దాకా ఉంటుంది. ఒక ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఆ 40 ఓల్టుల డీసీ నేరుగా స్పీకర్ చుట్టలోకి దిగుతుంది. 200 వాట్ల వేడి, పాట లేకుండా. రిలే ఉన్నది దీన్ని ఆపడానికే. అది పడకపోతే చాలామంది రిలే చెడిపోయిందనుకుంటారు. నిజానికి చాలాసార్లు అది తన పని సరిగ్గా చేస్తోంది.

ఒక్క ట్రాన్సిస్టర్ పోయిందని ఒక్కటే మార్చడం రెండో పెద్ద తప్పు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయేటప్పుడు వెనకున్న డ్రైవర్‌నూ, పక్కనున్న అర ఓమ్ లోపు ఎమిటర్ రెసిస్టర్‌నూ, బయాస్ డయోడ్‌నూ వెంట తీసుకుపోవచ్చు. వాటిలో ఒక్కటి చెడ్డది మిగిలినా కొత్త ట్రాన్సిస్టర్ స్విచ్ వేసిన క్షణంలో పోతుంది. జతలో రెండిటినీ మార్చాలి. హీట్‌సింకుకూ ట్రాన్సిస్టర్‌కూ మధ్య ఉండే మైకా రేకును చీలిక లేకుండా పెట్టి, రెండు వైపులా పలచగా హీట్ పేస్టు రాయాలి. ట్రాన్సిస్టర్ లోహపు టోపీకి, హీట్‌సింకుకు మధ్య షార్ట్ లేదని మీటరుతో మరోసారి చూడాలి. ఈ ఒక్క నిమిషం ఆదా చేసుకుని మొత్తం పని రెండోసారి చేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

తర్వాత వచ్చేది మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సిరీస్ బోర్డు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును రిసీవర్‌తో వరసలో కలిపి స్విచ్ వేస్తారు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబడితే కెపాసిటర్లు నిండాయి, లోపల షార్ట్ లేదు. నిండుగా వెలిగి అలాగే ఉంటే ఇంకా ఎక్కడో షార్ట్ ఉంది. ఆ కరెంటును బల్బే మోస్తోంది కాబట్టి ట్రాన్సిస్టర్ బతికిపోతుంది. ఫిలమెంట్ చల్లగా ఉంటే రెసిస్టెన్సు తక్కువ, వేడెక్కితే ఎక్కువ. కిటుకంతా అక్కడే ఉంది. ఎల్ఈడీ దీపానికి ఆ గుణం లేదు. 2023 ఆగస్టు 1 నుంచి అమెరికాలో ఇళ్లలో వాడే మామూలు ఫిలమెంట్ బల్బుల అమ్మకం ఆగిపోవడంతో, మెకానిక్‌లు అల్మారాల్లో మిగిలిన పాత బల్బులను బంగారంలా దాచుకుంటున్నారు.

బల్బు మసకబడ్డాక స్పీకర్ తగిలించేయాలన్న ఆత్రం ఆపుకోవాలి. ముందు ఖాళీ స్పీకర్ టెర్మినల్ మీద డీసీ ఎంతుందో చూస్తారు. 50 మిల్లీఓల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు, 20 లోపుంటే సంతోషం. బయాస్ కరెంటును సర్వీసు మాన్యువల్ చెప్పిన అంకెకు తెచ్చి, అరగంట వేడెక్కనిచ్చి, మళ్లీ సరిచేస్తారు. పాత ట్రిమ్మర్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టే వదలకూడదు. అవి రూపాయి వస్తువులు, వంద డాలర్ల నష్టం తెస్తాయి.

గరగరమనే వాల్యూమ్ నాబుకు కాంటాక్ట్ క్లీనర్, ఆగి ఆగి పలికే చానెల్‌కు కొత్త రిలే, తెగిన డయల్ దారానికి ఓపిక చాలు.

> అమెరికా సెట్టు, ఆంధ్ర కరెంటు
> 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు మొదటి జీతాలతో కొన్న వస్తువుల్లో స్టీరియో ఒకటి. కొందరు దాన్ని సెలవుల్లో ఊరికి తెచ్చారు. అక్కడ 120 ఓల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 ఓల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మరిచిపోయి నేరుగా ప్లగ్ పెడితే ఓల్టేజీ దాదాపు రెట్టింపు అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోరు నిండిపోయి కరెంటు విపరీతంగా లాగుతుంది. 50 ఓల్టులకు తయారైన కెపాసిటర్ మీద 75 పైనే పడతాయి. అదృష్టం ఉంటే ఫ్యూజుతో పోతుంది. ఎగుమతి మోడళ్ల వెనక ఓల్టేజీ మార్చే ఏర్పాటు ఉండేది. అమెరికాలో అమ్మినవాటికి చాలావరకు అది లేదు. అలా కాలిన సెట్టుకు భాగాల కోసం హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ తిరిగే అలవాటు ఇప్పటికీ పోలేదు.

భాగాలూ, నకిలీలూ

జపాన్ పద్ధతిలో ట్రాన్సిస్టర్ నంబరు 2ఎస్ఏ లేదా 2ఎస్‌బీతో మొదలైతే ఒక జాతి, 2ఎస్‌సీ లేదా 2ఎస్‌డీతో మొదలైతే దానికి ఎదురు జాతి. 1970ల నాటి నంబర్లలో చాలావాటి తయారీ ఆగిపోయింది. ఆ ఖాళీలోకి నకిలీలు వచ్చాయి. పైన లోహపు టోపీ, నంబరు, అన్నీ అచ్చంగా ఉంటాయి. కోసి చూస్తే లోపల ఉండాల్సిన సిలికాన్ ముక్కలో పావు వంతే. మామూలు శబ్దం మీద బాగానే పాడి, వాల్యూమ్ పెంచగానే చస్తుంది. పాత నంబరు కోసం వేలంలో వెతకడం కన్నా, ఈనాటి సమాన శక్తి గల జతను పేరున్న పంపిణీదారు దగ్గర కొనడమే మంచిది. మిన్నెసోటాలోని థీఫ్ రివర్ ఫాల్స్‌లో 1972లో పుట్టిన డిజి-కీ, టెక్సస్‌లోని మౌజర్ లాంటివి ఒక్క ట్రాన్సిస్టర్ అడిగినా పంపిస్తాయి. ‘అసలు’ భాగాల మీద మోజు కొందరు సేకరణదారులకు ఉండొచ్చు, కరెంటుకు లేదు.

ఒకప్పుడు ఇంత దూరం పోనక్కర్లేదు. బోస్టన్‌లో 1921లో మొదలైన రేడియోషాక్ దుకాణం అమెరికాలో దాదాపు ప్రతి పట్టణంలో ఉండేది, రెసిస్టరూ ఫ్యూజూ అప్పటికప్పుడు దొరికేవి. 2015 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. టీవీ రిపేరు షాపులు అంతకు ముందే మూతపడుతూ వచ్చాయి. పాత సెట్టు తెరిచి చూడగలిగిన మెకానిక్‌లలో చాలామందికి జుట్టు నెరిసింది, వాళ్ల అరలో నెలల తరబడి వరస ఉంటుంది. దూరంగా ఉన్న మెకానిక్‌కు 20 కిలోల పెట్టె పార్శిల్ చేస్తే దారిలో ముందు ప్యానెల్ వంగిపోవడం మరో బాధ.

తెరవడానికి కట్టిన పెట్టె

ఇంత శ్రమ పడి ఇవి బాగుపడటానికి కారణం అవి కట్టిన తీరు. ప్రతి ట్రాన్సిస్టర్ విడిగా ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు. సర్వీసు మాన్యువల్‌లో పూర్తి సర్క్యూట్ పటం, ఎక్కడ ఎన్ని ఓల్టులు ఉండాలో అంకెలతో సహా ముద్రించేవారు. ఇండియానాపొలిస్‌లో హోవర్డ్ సామ్స్ సంస్థ 1946 నుంచి వేల సెట్లకు ‘ఫొటోఫ్యాక్ట్’ పటాలు అచ్చేసి మెకానిక్‌లకు అమ్మింది. 1980ల నుంచి చవక సెట్లలో యాంప్లిఫయర్ మొత్తం ఒక మూసిన మాడ్యూల్‌లోకి వెళ్లింది. అది పోయి, తయారీ ఆగిపోతే సెట్టు పోయినట్టే. ఈనాటి వస్తువుల సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే ఇప్పుడు చట్టాలు వస్తున్నాయి. న్యూయార్క్ గవర్నర్ 2022 డిసెంబరులో రిపేరు హక్కు చట్టం మీద సంతకం చేశారు. కాలిఫోర్నియా చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. 100 డాలర్లు, ఆపైన ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువులకు తయారీ ఆగిన ఏడేళ్ల దాకా భాగాలు, మాన్యువళ్లు ఇవ్వాలని అది అంటుంది. 1975 నాటి రిసీవర్ ఏ చట్టం అడగకుండానే ఇచ్చిన మాన్యువల్‌ను, 2025 నాటి స్పీకర్ చట్టం అడిగితే ఏడేళ్లు ఇస్తుంది. దీన్ని ప్రగతి అనడానికి మనసు రాదు.

ప్రతి సెట్టూ బాగుచేయదగ్గది కాదు. ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, రిలే పోయినవి నిస్సందేహంగా చేయించదగ్గవి. ట్యూనర్ బోర్డు పోతే ఆలోచించాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, ఎంతో పేరున్న మోడల్ అయితే తప్ప లెక్క కుదరదు. అలాంటిదాన్ని కూడా చెత్తబండిలో వేయకండి. దాని నాబులు, డయల్ గాజు, ముందు ప్యానెల్ కొత్తవి దొరకడం కష్టం, మరో సెట్టు వాటికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇక గ్యారేజీలో ఏళ్ల తరబడి పడున్న సెట్టు ఉన్నవాళ్లకు ఒక్క మాట: పాడుతుందో లేదో చూద్దామని నేరుగా గోడకు ప్లగ్ పెట్టకండి. దుమ్ము దులిపి, అలాగే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.